మైకు ముందు మా ఆవిడ

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ డైరీ ముట్టుకోకుండానే ఏడాది గడిపేద్దామనుకున్నాను. ఇంచుమించు గడిపేసేవాణ్ణే. అమ్మాయి కొని పంపింది. "నాన్నా, అమ్మ ఏం తింది, ఎంతసేపు పడుకుంది, ఏ మాత్ర వేశావు, రోజూ రాయి. డాక్టరు అడుగుతాడు" అని ఫోనులో ఒకటే పోరు. నెలంతా అది అలమార మీద దుమ్ము తింది. మాత్ర వేశానో లేదో మాత్రల డబ్బాయే చెబుతుంది, దానికి నా దస్తూరీ ఎందుకు?

ఇవాళ తెరిచిన కారణం వేరు. బతుకంతా బస్సులో కండక్టరుగా చేసినవాణ్ణి. ఎక్కేవాడితో ఒక మాట, దిగేవాడితో ఒక మాట, నోరు మూసుకుంటే దవడ నొప్పి పుట్టే రకం. ఇప్పుడు ఇంట్లో నా మాట వినేది మా ఆవిడ ఒక్కతే. విన్నది ఆవిడ దగ్గర నిలవదు. నిన్న చెప్పిన కథే ఇవాళ చెప్పినా కొత్తగా నవ్వుతుంది. కథలు చెప్పుకునేవాడికి ఇంతకంటే అదృష్టం ఏం కావాలని మొదట్లో అందరి దగ్గరా జోకు వేసేవాణ్ణి. జనం నవ్వేవారు. ఆ జోకు ఇప్పుడు తగ్గించాను. మానలేదు, తగ్గించాను.

సంగతేమిటంటే, పగటి గది మూతపడేలా ఉంది.

టైలరు కొట్టు వెనక పొడుగాటి గది అది. మతిమరుపు ముదిరినవాళ్లని పొద్దున దింపుతారు, సాయంత్రం తీసుకెళతారు. నడిపేది పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయిన ఒకావిడ. అందరూ సిస్టరనే పిలుస్తారు. మా ఆవిడ చేతికి టైలరు కత్తిరించి పారేసిన గుడ్డముక్కల బుట్ట ఇస్తుంది. ఈవిడ వాటిని రంగుల వారీగా మడతపెడుతుంది. సాయంత్రానికి సిస్టరు మళ్లీ కలిపేస్తుంది. పక్క కుర్చీలో ఒక వడ్రంగాయన అరచేత్తో బల్ల అంచు చిత్రిక పడుతూ ఉంటాడు, ఏదో పెళ్లికి మంచం ఆలస్యమైపోతున్నట్టు. అంతే అక్కడ జరిగేది. కానీ అక్కడికి వెళ్లిన రోజు మా ఆవిడ ప్రశాంతంగా ఉంటుంది. వెళ్లని ఆదివారం చూడాలి. వీధి తలుపు గడియ పట్టుకుని లాగుతూనే ఉంటుంది.

ఆ గదికి అద్దె కట్టిన మందుల కొట్టు పెద్దాయన పోయారు. కొడుకులు చెడ్డవాళ్లు కాదు. తండ్రి మంచితనం వాటాల్లో వాళ్లకి రాలేదు, అంతే. ఇక మిగిలింది మున్సిపాలిటీ. ఊళ్లో సేవ చేసే సంఘాలకి ఏటా గ్రాంటు ఇస్తారు కదా, సిస్టరు దానికి పెట్టుకుంది.

అమ్మాయి ఒకటే చెప్పింది. "ఆ గది ఉన్నంతకాలం సరే నాన్నా. మూసేస్తే మాత్రం అమ్మని ఇక్కడి హోముకి తెచ్చేద్దాం. నీ మోకాళ్లతో నువ్వు తన వెనకాల పరిగెత్తలేవు."

ఆ హోము నేను చూశాను. శుభ్రంగానే ఉంది. కుర్చీలన్నీ టీవీ వైపు తిప్పి ఉన్నాయి. టీవీ ఆపేసి ఉంది. తాళాలు బయటి వైపున్నాయి.

ఫిబ్రవరి 6, గురువారం

మాత్ర వేశాను. అన్నం తింది. అమ్మాయికి చెప్పడానికి ఇది చాలు.

ఇక నా సంగతి. మా ఆవిడ బస్టాండులో మైకు దగ్గర ఉద్యోగం చేసింది. "ప్రయాణికులకు మనవి" అని మొదలుపెట్టేది. ఆవిడ ముఖం చూడకముందే ఆ గొంతు విన్నాను. ఆ రోజుల్లో నా బస్సు ఆలస్యమైతే ఆవిడ మైకులో ఎలా చెబుతుందో విందామని కావాలనే టీకొట్టు దగ్గర నిలబడేవాణ్ణి. డ్రైవరు హారను కొట్టి చచ్చేవాడు. ఆలస్యానికి చింతిస్తున్నామని ఆవిడ అంటుంటే నిజంగా ఎవరో మన కోసం చింతిస్తున్నట్టే ఉండేది. ఒకాయన ఆ మాట విని ఆలస్యమైన బస్సునీ క్షమించాడు, అత్తగారినీ క్షమించాడు. ఇది నేను కల్పించింది. అయినా అలాంటి గొంతే.

చదువు సంగతీ ఇక్కడే చెప్పాలి. నేను బడిలో చదివింది తక్కువ. బస్సులో జనం మరిచిపోయిన పుస్తకాలు డిపోలో ఎవరూ వచ్చి అడక్కపోతే నేనే తెచ్చుకునేవాణ్ణి. మొదటి సగం లేనివి, చివరి పేజీలు లేనివి. అందుకే నాకు ఏ కథా పూర్తిగా రాదు. మధ్యలోంచి మొదలుపెడతాను, మధ్యలో దిగిపోతాను. ఇప్పుడూ అదే చేస్తున్నాను.

అసలు చెప్పదలుచుకున్నది పోయిన నెల సంగతి. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. చివరికి బస్టాండులో దొరికింది. మైకు గది కిటికీ దగ్గర నిలబడి, "నా డ్యూటీ, లెండి" అని లోపల కూర్చున్న అమ్మాయిని గదమాయిస్తోంది. ఆ పిల్ల మంచిది. కుర్చీ ఇచ్చింది, మైకూ ఇచ్చింది. ఆవిడ మైకు పట్టుకుందో లేదో వెన్ను నిలబడింది. ఎదురుగా బోర్డు మీద ఉన్నదంతా చదివింది. ఒక్క తడబాటు లేదు. బస్టాండంతా వింది. టీకొట్టు వాడు గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

మైకు కింద పెట్టింది. నా వైపు తిరిగి, "కండక్టరు గారూ, మీ బస్సు వెళ్లిపోలేదా?" అంది.

పెళ్లికి ముందు అలాగే పిలిచేది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మైకు బదులు దువ్వెన చేతికిచ్చి చూశాను. దువ్వెనతోనూ పనిచేస్తోంది.

ఫిబ్రవరి 10, సోమవారం

మన మున్సిపాలిటీకి ఒక పద్ధతి ఉంది. గ్రాంటు అడిగే ప్రతి సంఘమూ తాము సాయం చేస్తున్న మనిషిని ఒకణ్ణి టౌనుహాలుకి తీసుకురావాలి. ఆ మనిషి మైకు ముందు నిలబడి తన నోటితో చెప్పాలి. కాగితం మీద అందరూ ధర్మాత్ములేనని ఎప్పటిదో ఒక చైర్మను పెట్టిన నియమమట. ఆయన తెలివైనవాడే. నోరు లేనివాళ్లకి సాయం చేసే సంఘాలు ఉంటాయని ఆయనకి తట్టలేదు.

సిస్టరు మా ఇంటికొచ్చింది. వడ్రంగాయన్ని తీసుకెళదామనుకుంటోంది.

"ఆయన మాట్లాడితే కదమ్మా?" అన్నాను.

"మాట్లాడక్కర్లేదు కండక్టరు గారూ. ఆ బల్ల ముందు నిలబెడితే చాలు, చిత్రిక మొదలుపెట్టేస్తారు. వాళ్లే చూస్తారు."

"నవ్వుతారు."

"నవ్వనివ్వండి. ఏడిస్తేనే కదా అమ్మైనా పాలిచ్చేది. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం."

నేనొప్పుకోలేదు. పెద్దమనిషిని, ఇళ్లకి తలుపులు పెట్టినవాణ్ణి, ఊరి ముందు అలా నిలబెట్టడం ఏం మర్యాద అన్నాను. టౌనుహాలు తలుపులు చేసిందీ ఆయనే అన్నాను. మా ఆవిణ్ణి తీసుకెళదాం, మైకు ఇస్తే చాలు, గది గురించి నాలుగు ముక్కలు ముచ్చటగా చెబుతుంది, నేను నేర్పిస్తాను అన్నాను. గొంతు వింటే ఎవరైనా కాదనగలరా అన్నాను.

సిస్టరు టీ కప్పు కింద పెట్టింది. "మరీ బాగా చెప్పేస్తే?" అంది.

"బాగా చెప్పడం కూడా తప్పేనా?"

"తప్పని కాదు. ఆవిడ మీ భార్య, మీ ఇష్టం. కానీ వాళ్లు చూడాల్సింది ఆవిడ ఇంట్లో ఎలా ఉంటారో."

ఇంట్లో ఎలా ఉంటుందో ఊరికెందుకు?

చివరికి నా మాటే నెగ్గింది. నోరున్నవాడిదే బస్సులో సీటు. ఇదంతా గది కోసమే.

ఫిబ్రవరి 13, గురువారం

రోజూ నేర్పిస్తున్నాను. ఆవిడ దువ్వెన పట్టుకుని వంటింటి గడపలో నిలబడుతుంది. నేను ముక్కాలిపీట మీద కూర్చుని కౌన్సిలు సభ్యుణ్ణవుతాను. పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి చూపిస్తాను. ఆవిడకి అక్షరాలు పోలేదు. అర్థాలు పోయాయి, అక్షరాలు ఉన్నాయి.

"సభకు నమస్కారం. పగటి గది మాకు రెండో ఇల్లు."

ఎంత బాగా అంటుందో. ఇల్లు అన్న దగ్గర గొంతు కాస్త దించుతుంది. అది నేను నేర్పింది కాదు.

అయిపోగానే దువ్వెన దిండు కింద దాచేస్తుంది. చెంచాలు కూడా అక్కడే ఉన్నాయి. మళ్లీ వెతుక్కోవాలి. ఈరోజు నాలుగైదుసార్లు చెప్పించాను. అన్నిసార్లు అవసరం లేదు, మొదటిసారికే వచ్చేసింది. గది కోసమే కదా.

ఫిబ్రవరి 16, ఆదివారం

గడియ పట్టుకుని లాగింది. చేతి మీద చర్మం గీరుకుపోయింది. పసుపు రంగు మందు రాశాను. నన్ను చూసి, "మా ఆయన వస్తాడు, మీరు వెళ్లండి" అంది. సరేనని పక్కగదిలోకి వెళ్లి, కాసేపాగి వచ్చాను. మీ ఆయన్ని నేనేనన్నాను. నమ్మింది.

ఫిబ్రవరి 20, గురువారం

టౌనుహాలు కిటకిటలాడింది. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఇంతమంది సేవ చేస్తున్నారని నాకు తెలియదు. చూస్తే మరి వీధులు ఇలా ఎందుకున్నాయో అర్థం కాదు.

వరసగా చెప్పాలి. ఉచితంగా శవాలని చేరవేసే బండివాళ్లు మొదట వచ్చారు. వాళ్ల సాయం పొందినవాళ్లు ఎలాగూ రాలేరు కాబట్టి ఒకాయన కొడుకుని తెచ్చారు. తర్వాత వీధికుక్కలకి కట్లు కట్టేవాళ్లు. నియమం నియమమే కదా, మూడు కాళ్ల కుక్కని తెచ్చి మైకు ముందు పెట్టారు. అది మైకు వాసన చూసి ఒక్కసారి మొరిగింది. స్పీకర్లు దద్దరిల్లాయి. చైర్మను కుర్చీలో ఎగిరిపడ్డాడు. హాలంతా నవ్వులు, చప్పట్లు.

మా వంతు వచ్చింది. ఉద్యోగంలో వేసుకున్న నీలం కోటు పొద్దున పెట్టెలోంచి తీశాను. తల నేనే దువ్వాను. బొత్తాలు నేనే పెట్టాను. మెట్లెక్కేటప్పుడు ఆవిడ ప్రతి మెట్టు మీదా ఆగి వెనక్కి తిరగబోయింది. మైకు దొరికింది. ఇక వెనక్కి చూడలేదు.

అట్ట చూడనే లేదు. ఎదురుగా గోడకి సభ్యుల పేర్ల బోర్డు ఉంది. ఆ పేర్లన్నీ చదివి, ఒక్కొక్కరికీ గారు తగిలించి నమస్కారం చెప్పింది. ఆ తర్వాత పగటి గది మాకు రెండో ఇల్లు అంది. అక్కడ మాకు గౌరవం ఉంది అంది. ఆ తలుపు మూసుకోకుండా చూడమని మనవి అంది. మనవి అన్న మాట ఆ గొంతులో విని ముందు వరసలో ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. బస్టాండు గొంతు కదా ఇది అన్నాడు పక్కవాడితో. అవునన్నట్టు ఇంకొకరు. అలా అలా హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

చైర్మను మైకు అందుకుని, "అమ్మా, మీ పక్కన నిలబడి మాట్లాడాలంటే నాకే భయమేస్తోంది. నాకూ ఆ గదిలో ఒక సీటు ఇప్పించండి, ఇలా మాట్లాడటం వస్తుందేమో" అన్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను.

కళ్లద్దాల సభ్యురాలు ఒకావిడ నన్ను ఏదో అడిగింది. చెప్పాను.

మెట్లు దిగుతుంటే మా ఆవిడ నా చొక్కా పట్టుకుని ఆగింది. "కండక్టరు గారూ, ఈ బస్సు ఎక్కడికి?" అంది. "ఇంటికే" అన్నాను. వడ్రంగాయన చేసిన తలుపులు తోసుకుని బయటికొచ్చాం.

సిస్టరు చప్పట్లు కొట్టలేదు. చేతిలో సంచి ఉంది, అందుకనుకుంటాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

వీధిలో నలుగురు ఆపి మెచ్చుకున్నారు. ఆవిడ ఎవరినీ గుర్తుపట్టలేదు కానీ అందరికీ నమస్కారం పెట్టింది.

ఫిబ్రవరి 26, బుధవారం

గ్రాంటు వచ్చిన సంఘాల పేర్లతో మున్సిపాలిటీ దగ్గర బోర్డు పెట్టారు. బండివాళ్లకి వచ్చింది. కుక్కలవాళ్లకి వచ్చింది. ఇంకెవరెవరికో వచ్చింది. మాకు రాలేదు.

సిస్టరు లోపలికి వెళ్లి అడిగింది. గుమాస్తా మర్యాదగానే చెప్పాడట. "మీరు బాగా చూసుకుంటున్నారమ్మా, కాదనం. కానీ ఆవిడంత బాగున్నవాళ్లకి గదెందుకు, ఇంట్లో ఉండొచ్చు కదా అన్నారు సభ్యులు. అవసరం ఎక్కువ ఉన్నవాళ్లకి ముందు ఇవ్వాలి కదా మరి."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా ఆవిడ రచ్చ గెలిచి వచ్చింది.

సిస్టరు నన్నొక్క మాట అనలేదు. అంటుందని గుమ్మంలోనే నిలబడి ఎదురుచూశాను. అనలేదు. "వచ్చే నెలాఖరు దాకా నడుపుతాను కండక్టరు గారూ. తర్వాత ఇల్లుగలాయన సామాన్లు పెట్టుకునేవాళ్లకి ఇచ్చుకుంటాడట" అని వెళ్లిపోయింది.

తప్పు సభ్యులది. మైకు పెట్టినవాళ్లది. నోటితో చెప్పాలని రూలు పెట్టిన పాత చైర్మనుది. ఆయన బతికిలేడు, కాబట్టి ఎంతైనా అనొచ్చు.

ఫిబ్రవరి 27, గురువారం

ఆ రోజు ఒక సంగతి రాయలేదు. రాయక్కర్లేదనుకున్నాను. ఎవరు చదువుతారు ఇది? నేనే కదా. నాకు తెలుసు కదా.

కళ్లద్దాల సభ్యురాలు అడిగింది ఇది. చప్పట్లు ఆగాక, నన్ను చూసి, మైకు లేకుండానే అడిగింది. "మీరు భర్తగారా? ఇంట్లో ఎలా ఉంటారండీ ఆవిడ? కష్టమేనా?"

నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆ కళ్లద్దాల వెనక ఎవరో ఇంట్లోవాళ్లు ఉన్నారనిపించింది, తల్లో, అత్తగారో. ఆవిడ ఒక్కతే మావైపు తూగుతూ ఉంది. నేను చెప్పాల్సింది ఎంత? చెంచాలు, గడియ, నేను పక్కగదిలోకి వెళ్లి మళ్లీ మొగుడిగా రావడం. ఏదో ఒకటి చెప్పినా చాలు.

హాలంతా మా ఆవిణ్ణే చూస్తోంది. నీలం కోటులో నిటారుగా నిలబడి ఉంది. అప్పటి మనిషిలాగే ఉంది.

"బాగానే ఉంటుందండీ. వంట మాత్రం నేను చేస్తాను, అది ఆవిడకి శిక్ష" అన్నాను.

బాగా నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, కళ్లద్దాలు సర్దుకుని, కాగితం మీద ఏదో గీత గీసింది.

మార్చి 3, సోమవారం

మున్సిపాలిటీకి వెళ్లాను. మా ఆవిణ్ణి గదిలో దింపి వెళ్లాను. పోనీ చెప్పేద్దాం, ఇప్పుడైనా చెప్పేద్దాం అని దారంతా మనసులో అనుకుంటూ వెళ్లాను. కళ్లద్దాల ఆవిడ ఊళ్లో లేదన్నారు. చైర్మను ఉన్నాడు.

"రండి రండి కండక్టరు గారూ! మీ గురించే అనుకున్నాం. గ్రాంటులు పంచే రోజు సభ పెడుతున్నాం. మైకు దగ్గర మీ ఆవిడే ఉండాలి. పేర్లు ఆవిడే చదవాలి."

కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"అయ్యా, ఒక్క మాట. ఆవిడకి ఏమీ గుర్తుండదండీ."

"మాకు మాత్రం ఏం గుర్తుంటుంది? ఎన్నికల మాటలే గుర్తుండవు" అని ఆయనే నవ్వుకున్నాడు.

"అది కాదండీ. ఆవిడకి నేనెవరో తెలీదు."

"ఓహో. మా ఇంట్లోనూ అంతే. నెల మొదట్లో మాత్రం గుర్తుపడుతుంది."

గుమాస్తా నవ్వాడు. టీ తెచ్చినావిడ నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వలేదని వాళ్లు ఇంకా నవ్వారు, జోకు వేసి ముఖం బిగించి కూర్చోవడం నాకు అలవాటని ఊరికంతటికీ తెలుసు. బస్సులో ముప్పై ఏళ్లు చేసిన వ్యాపారం అదే. తలుపు చెక్క మోసుకుని ఎక్కినాయన్ని, "ఇంటికి తాళం వేసి వచ్చారా, తలుపుతో సహా తెచ్చారా" అని అడిగితే బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. ఆయన ఇల్లు కాలిపోయిందని, మిగిలింది ఆ తలుపేనని దిగేటప్పుడు పక్కావిడ చెప్పింది. ఇది కల్పించింది కాదు.

"నిజంగానే చెబుతున్నానండీ" అన్నాను.

"మీరు నిజంగా చెబితేనే ఇంకా నవ్వొస్తుంది. వచ్చే ఏడు పెట్టుకోండి, చూద్దాం. గ్రాంటులు అయిపోయాయి కదా ఈ ఏటికి. సభ సంగతి మాత్రం మరిచిపోకండి."

మరిచిపోను అన్నాను. అదీ జోకేననుకున్నారు.

మార్చి 4, మంగళవారం

మాత్ర వేశాను.

మార్చి 12, బుధవారం

సభకి పంపలేదు. ఒంట్లో బాగాలేదని కబురు చేశాను. పాపం, మొన్నటిదాకా ఎంత బాగున్నారో అన్నాడట చైర్మను.

బస్టాండులో మైకు దగ్గరుండే అమ్మాయి పేర్లు చదివిందట. కుక్కలవాళ్లు ఆ కుక్కని పూలదండతో తెచ్చారట. దాని మీద నాకేం కోపం లేదు. అది తన కుంటితనం దాచుకోలేదు.

మార్చి 19, బుధవారం

దువ్వెన దాచేశాను. ఆవిడ కాదు, నేను దాచాను. పొద్దున జుట్టు దువ్వుతుంటే లాక్కుని "సభకు నమస్కారం" మొదలుపెట్టింది. మొత్తం చెప్పింది. తలుపు మూసుకోకుండా చూడమని మనవి అంది. ఎదురుగా నేను తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు చేత్తోనే సర్దుతున్నాను.

మార్చి 28, శుక్రవారం

వడ్రంగాయన కోడలు వచ్చింది గదికి, ఆయన సామాను తీసుకెళ్లడానికి. సామానంటే ఒక చెప్పుల జత, మంచినీళ్ల సీసా.

"సోమవారం తర్వాత ఎలాగమ్మా?" అని సిస్టరు అడిగింది.

"ఏముందక్కా. గదిలో పెట్టి బయట గడియ పెట్టుకుని పనికి పోవడమే. చిన్నప్పుడు మా పిల్లలకీ అంతే కదా చేశా. ఇల్లంతా ఆయన చేసిన తలుపులే, గట్టివి."

నిష్ఠూరంగా అనలేదు. పని మీద పోయే మనిషి సర్దుకున్నట్టు అంది. నా వైపు చూసి, "మీ ఆవిడ భలే మాట్లాడిందట కదండీ, మా పక్కింటివాళ్లు చెప్పారు" అంది.

అవునన్నాను.

ఆయన్ని లేపుతుంటే బల్ల వదల్లేదు. ఇంకా గరుగ్గా ఉంది, ఇంకా గరుగ్గా ఉంది అన్నాడు. ఇన్నాళ్లలో ఆయన గొంతు నేను వినడం అదే. సిస్టరు వచ్చి బల్ల మీద చెయ్యి రాసి చూసి, "నున్నగా వచ్చింది పెద్దాయనా. చాలు" అంది. అప్పుడు లేచాడు.

ఆయన ఆ మాటలు టౌనుహాల్లో అని ఉంటే.

మార్చి 31, సోమవారం

చివరి రోజు. సిస్టరు గుడ్డముక్కల బుట్ట ఇంటికి తీసుకుపొమ్మంది. "ఇంట్లో కూడా మడతపెడతారేమో చూడండి" అంది. సరేనన్నాను. అప్పుడడిగాను, ఆ రోజు వడ్రంగాయన్నే తీసుకెళ్లి ఉంటే వచ్చేదా అని.

"ఎవరికి తెలుసు కండక్టరు గారూ. రాకపోయేదేమో కూడా."

మంచిది ఆవిడ. అబద్ధం చెప్పేటప్పుడు నర్సులందరూ అలాగే దుప్పటి సర్దుతారు. దుప్పటి లేదు కాబట్టి నా చొక్కా మడత సర్దింది.

సాయంత్రం అమ్మాయి ఫోను చేసింది. "హోము సంగతి ఏం చేద్దాం నాన్నా?" అంది. చూద్దామన్నాను. "నువ్వెప్పుడూ చూద్దామనే అంటావు. చూసేది ఎవరు?" అంది. ఏడుస్తోంది. అది చిన్నప్పుడు మైకులో వాళ్లమ్మ గొంతు విని, బస్టాండులో తప్పిపోయినా ఏడ్చేది కాదు.

బుట్ట ముందు పెట్టాను. మా ఆవిడ దానివైపు చూడలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

పొద్దున ఎప్పటిలాగే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. గది లేదని చెప్పాను. సరేనంది. మళ్లీ గడియ పట్టుకుంది. గాయం మానిన చోటే మళ్లీ రేగుతుందని భయమేసి తలుపు తీశాను. ఇద్దరం నడిచి వెళ్లాం. దారి ఆవిడకి తెలుసు. మలుపుల దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆవిడే లాగింది.

గది తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల ఒకతను గోడలకి సున్నం వేస్తున్నాడు. కుర్చీలు లేవు. బల్ల బయట వసారాలో ఒక మూల నిలబెట్టి ఉంది.

"ఎవరు కావాలండీ?" అన్నాడు.

"ఎవరూ వద్దు. కాసేపు కూర్చుంటాం" అన్నాను.

అతను మమ్మల్నిద్దర్నీ చూసి బకెట్టు పక్కకి జరిపాడు. బల్ల దింపి, దుమ్ము దులిపి వేశాడు. కూర్చున్నాం. బల్ల అంచు మీద చెయ్యి వేశాను. ఏమీ నున్నగా రాలేదు. మామూలు బల్లే.

మా ఆవిడ చాలాసేపు గోడ తెల్లబడటం చూసింది. తర్వాత నా వైపు వంగి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగింది.

"కండక్టరు గారూ, ఇది ఇంక కదలదా?"

"ఆలస్యమండీ" అన్నాను. "ఆలస్యానికి చింతిస్తున్నాం."

తల ఊపింది. ఉద్యోగం తెలిసిన మనిషి కాబట్టి మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం సున్నం అతను చేతులు కడుక్కుని తాళం తీసుకొచ్చాడు. మేం లేచాం. అతను బల్ల లోపలికి లాక్కుని తాళం వేశాడు.

ఇంటికొచ్చాక ఆవిడ చెప్పులు విప్పాను. అమ్మాయికి ఫోను చేశాను. శనివారం కారు తెస్తానంది.